పాత కారుకు కొత్త సొగసులు: అడగదగిన ధర ఎంత?

 

ఈ నెల ప్రశ్న నరసరావుపేట నుండి వచ్చింది. అడిగినవాడు ఒకప్పుడు మా మద్రసాలో నాజిరా, ఉర్దూ చదువుకున్న యువకుడు. ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నడుపుకుంటున్నాడు. ఫోనులో అతడు అడిగినది ఇంతే: "హజ్రత్, నా కారు అమ్మాలనుకుంటున్నాను. దాని మీద చాలా ఖర్చు పెట్టాను. నేను చెప్పే ధర మరీ ఎక్కువని కొందరు అంటున్నారు. ఎక్కువ ధర అడగడం పాపమా?"

అప్పుడు జొహర్ నమాజుకు వేళవుతోంది. "ఇరువురికీ సమ్మతమైతే ధర ఎంతైనా ధర్మసమ్మతమే బేటా" అని తొందరగా జవాబిచ్చి ఫోను పెట్టేశాను. ఆ జవాబుకు ఆధారాలు లేకపోలేదు. దివ్య ఖుర్ఆన్‌లోని సూరా నిసా 29వ ఆయతు పరస్పర అంగీకారంతో జరిగే వర్తకాన్ని అనుమతించింది. మదీనాలో ధరలు పెరిగి, ధరలు నిర్ణయించమని ప్రజలు కోరినపుడు దైవప్రవక్త (స) అందుకు సమ్మతించలేదు. హజ్రత్ ఉర్వా బారిఖీ (రజి)కి ఆయన ఒక గొర్రెను కొనమని ఒక దీనారు ఇస్తే, ఉర్వా ఆ దీనారుతో రెండు గొర్రెలను కొని, ఒకదానిని దారిలోనే ఒక దీనారుకు అమ్మి, ఒక గొర్రెతోపాటు దీనారును కూడా తెచ్చి అప్పగించారు. రెట్టింపు లాభం అది. దైవప్రవక్త (స) ఆయనను మందలించలేదు సరికదా, ఆయన వ్యాపారంలో శుభం కలగాలని ప్రార్థించారు.

అయినా నేనిచ్చినది సగం జవాబు. అతడు అడిగినదే సగం ప్రశ్న కనుక. మిగిలిన సగం మరుసటి జుమా రోజున అతడు ఆ కారులో మద్రసాకు వచ్చినపుడు గాని నాకు తెలియలేదు.

కారు 2014 మోడల్ డీజిల్ స్విఫ్ట్. గుంటూరు జిల్లా పాత నంబరు, ఏపీ 07. నాలుగేళ్ల క్రితం 4 లక్షల 10 వేలకు కొన్నాడు. ఆర్‌సీ పుస్తకంలో రంగు తెలుపు. కంటికి కనబడేది మసి నలుపు, పైనుండి కిందివరకు అంటించిన రంగు స్టిక్కరు. చక్రాలు వెడల్పాటి అల్లాయ్ చక్రాలు. అద్దాలకు నల్ల ఫిల్ము. డిక్కీ నిండా స్పీకర్ల పెట్టె. సామాను పెట్టడానికి చోటు లేదు. సైలెన్సర్ శబ్దానికి మా హిఫ్జ్ తరగతి పిల్లలు ఖుర్ఆన్ మూసి కిటికీల వద్దకు పరుగెత్తారు. (ఆ పిల్లలను మళ్లీ కూర్చోబెట్టడానికి పావుగంట పట్టింది. దానికి ధర ఎవరు కడతారో!)

లెక్క కాగితం జేబులోనే తెచ్చుకున్నాడు. చక్రాలు, టైర్లు 62 వేలు. మ్యూజిక్ సిస్టమ్ 48 వేలు. రంగు స్టిక్కరు 35 వేలు. సైలెన్సర్, ఇంజను ట్యూనింగ్ 22 వేలు. లైట్లు, సీటు కవర్లు, కొత్త మీటరు కలిపి 18 వేలు. మొత్తం లక్షా 85 వేలు. కొన్న ధర కలిపితే 5 లక్షల 95 వేలు. "అందులో 70 వేలు తగ్గించుకుని 5 లక్షల 25 వేలు చెబుతున్నాను హజ్రత్. ఇది న్యాయమే కదా!" అన్నాడు.

దుకాణం పెట్టడానికి మేనమామ వద్ద తీసుకున్న 4 లక్షల అప్పు తీర్చవలసి ఉంది. మేనమామ కూతురి నికాహ్ దగ్గరపడింది. కాబట్టి అతని తొందర అత్యాశ వల్ల కలిగినది కాదు. గురజాల వైపు నుండి వచ్చిన ఒక మిరప రైతు కారు చూసి, బేరమాడి, 4 లక్షల 20 వేలకు ఒప్పుకున్నాడట. గుంటూరు యార్డులో మిర్చి అమ్మిన డబ్బు చేతికి రాగానే తీసుకుపోతానన్నాడట. అప్పు తీరిపోగా 20 వేలు మిగులుతాయి.

"అంత ధర ఎందుకు ఒప్పుకున్నాడు?" అని అడిగాను.

యువకుడు కాసేపు మాట్లాడలేదు. "మీటరు 38 వేలు చూపిస్తుంది హజ్రత్" అన్నాడు చివరికి.

విషయమేమిటంటే, మూడేళ్ల క్రితం పాత మీటరు తీసేసి రంగురంగుల అంకెల మీటరు బిగించాడు. మోసం చేయాలని కాదు, అందం కోసమే. పాత మీటరు తీసేనాటికి 88 వేల కిలోమీటర్లు తిరిగి ఉంది. కొత్తది సున్నా నుండి మొదలుపెట్టింది. కారు నిజంగా తిరిగినది లక్షా 26 వేలు. రైతు మీటరు చూసి, "పదేళ్ల బండైనా ఇంట్లో దాచినట్టుంది తమ్ముడూ" అని సంతోషించాడట. ఇతడు అవునని అనలేదు, కాదనీ అనలేదు.

నేను అబద్ధం చెప్పలేదు కదా అని అతని వాదన. మన ఇళ్లలో ఈ వాదన కొత్తది కాదు. బర్రె అమ్మినా, ఇంటి స్థలం అమ్మినా, చివరకు పెళ్లి సంబంధం మాట్లాడినా మౌనం వెనుక దాక్కోవడం మనకు అలవాటే.

సంతలో ధాన్యపు రాశిలో దైవప్రవక్త (స) చేయిపెట్టినపుడు లోపల తడి తగిలిన సంఘటన సహీహ్ ముస్లిం‌లో ఉంది. అది మీకందరికీ తెలిసినదే. ఆ వర్తకుడు కూడా రాశి పొడిగా ఉందని నోటితో చెప్పలేదు. వాన పడిందన్నాడు, అది నిజమే. తడిసిన గింజలను జనం చూసేలా పైన ఎందుకు ఉంచలేదన్నదే దైవప్రవక్త (స) అడిగిన ప్రశ్న. అయితే కారు విషయానికి ఇంకా దగ్గరగా వచ్చేది మరొక ఆదేశం. పాత అరబ్బు సంతలలో అమ్మబోయే ఒంటె పొదుగును, మేక పొదుగును రెండు మూడు రోజులు పితకకుండా కట్టి ఉంచేవారు. పొదుగు నిండుగా కనిపిస్తే కొనేవాడు పాలు ఎక్కువిస్తుందనుకుని ధర పెంచుతాడు. అటువంటి పశువును ఫిఖ్హ్ గ్రంథాలలో 'ముసర్రాత్' అంటారు. దైవప్రవక్త (స) దీనిని నిషేధించారు. కొని మోసపోయినవానికి మూడు రోజుల గడువు ఇచ్చి, ఇష్టం లేకపోతే తిరిగి ఇచ్చివేయవచ్చని, పిండుకున్న పాలకు బదులుగా ఒక 'సా' ఖర్జూరాలు ఇవ్వాలని చెప్పారు. ఈ తిరిగి ఇచ్చే పద్ధతి విషయంలో మన హనఫీ ఇమాములకు, ఇతర ఇమాములకు మధ్య అభిప్రాయభేదం ఉంది; ఆ వివరాలు ఇక్కడ అవసరం లేదు. పొదుగు కట్టినవాడు పాపం చేశాడన్న విషయంలో మాత్రం భేదమే లేదు. చూడండి, అక్కడ కూడా అమ్మేవాడు నోరు తెరవలేదు. అతని బదులు పొదుగు మాట్లాడింది. ఇక్కడ మీటరు మాట్లాడింది.

యువకునికి మరో సందేహం కలిగింది. "అమ్మేటప్పుడు 'చూసుకుని తీసుకోండి, తర్వాత నాకు సంబంధం లేదు' అని కాగితం రాయించుకుంటే సరిపోదా?" మన మజ్‌హబ్‌లో, లోపాలన్నింటికీ బాధ్యత లేదన్న షరతుతో అమ్మకం చెల్లుతుంది, నిజమే. కాని చెల్లడం వేరు, తెలిసిన లోపాన్ని దాచడం వేరు. దాచడానికి అనుమతి లేదు. ఇమామ్ మాలిక్ గారి ముఅత్తాలో ఒక సంఘటన ఉంది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఇదే షరతుతో ఒక బానిసను 800 దిర్హములకు అమ్మారు. అతనికి జబ్బు ఉందని కొన్నవాడు వివాదానికి దిగాడు. తగవు ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) వద్దకు వెళ్లింది. అమ్మేనాటికి ఆ జబ్బు సంగతి తనకు తెలియదని ప్రమాణం చేయమని ఖలీఫా తీర్పు చెప్పారు. ఇబ్నె ఉమర్ (రజి) ప్రమాణానికి నిరాకరించి అమ్మకాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ మనిషి కోలుకున్నాక 1500 దిర్హములకు అమ్మారు. "నీవు ఆ కాగితం రాయించుకున్నాక, మీటరు సంగతి నాకు తెలియదని ప్రమాణం చేయగలవా?" అని అడిగాను. తల వంచుకున్నాడు.

అతడు అడగని మాట కూడా ఒకటి చెప్పాలి. ఆ రైతు ముస్లిం కాదు. మనవాడు కానప్పుడు అంత వివరంగా చెప్పాలా అని గొణిగేవారు మన మధ్య లేరని అనలేను. తడి ధాన్యం సంఘటనలో కొనేవారు ఎవరన్న ప్రస్తావనే లేదు. పల్నాడులో మనం వారి పొలాల మిర్చి తింటాము, వారు మన మెకానిక్ షెడ్లకు బండ్లు తెస్తారు. ఆ నమ్మకంతోనే మన దుకాణాలు నడుస్తున్నాయి.

ఇక ధర సంగతి. ఇక్కడే అతడు అసలు పొరపాటు చేశాడు. 'నాకు ఇంత పడింది' అన్నది అమ్మేవాని చరిత్ర. వస్తువు విలువ దానితో పెరగదు. పైగా 'నాకు ఇంత పడింది' అని చెప్పి దానిమీద ఆధారపడి అమ్మితే, అది మురాబహా వంటి నమ్మకపు బేరంగా మారుతుంది. చెప్పిన అంకెలో ఒక్క రూపాయి కల్పన కూడా ఉండరాదు. 'నిన్ననే ఒకరు ఐదు లక్షలకు అడిగారు' అని లేని గిరాకీని కల్పించడం, స్నేహితునితో దొంగ బేరం ఆడించడం 'నజష్' అనే నిషిద్ధం. ఒట్లు వేసి సరుకు అమ్మితే సరుకు చెల్లుతుంది గాని శుభం నశిస్తుందని బుఖారీలోని హదీసు తెలుపుతోంది.

మరి అడగదగిన ధరను ఎలా కనుగొనాలి? మన ఫుఖహాలు దీనికి చక్కని కొలత ఇచ్చారు. ఆ సరుకు తెలిసినవారు వేసే అంచనాలలో ఏ ఒక్కదానికీ అందని ధరను వారు 'గబన్ ఫాహిష్', అంటే తీవ్రమైన నష్టం అన్నారు. ఉస్మానియా సామ్రాజ్యంలో 1869-1876 మధ్య కూర్చిన 'మజల్లా' దీనికి అంకెలు కూడా పెట్టింది: సరుకులలో ఇరవయ్యో వంతు, జంతువులలో పదో వంతు, స్థిరాస్తిలో ఐదో వంతు. కారును సరుకుగా లెక్కించాలా, స్వారీ జంతువుగా లెక్కించాలా అని మా తరగతిలో పిల్లలు వాదించుకున్నారు. గుర్రం స్థానంలో వచ్చింది కనుక జంతువేనని ఒకడు గట్టిగా నిలబడ్డాడు. అది అలా ఉంచితే, మజల్లా మరో మాట చెప్పింది. ధర ఎక్కువైనంత మాత్రాన అమ్మకం రద్దు కాదు. ఎక్కువ ధరకు మోసం తోడైతే రద్దు చేసుకునే హక్కు కొన్నవానికి ఉంటుంది. నేను ఫోనులో ఇచ్చిన సగం జవాబుకు రెండో సగం ఇదే.

అందుచేత తెలిసినవారినే అడిగాము. నరసరావుపేటలో ఒక పాత మెకానిక్, సత్తెనపల్లిలో టాక్సీలు తిప్పే ఒక సోదరుడు, గుంటూరులో పాత కార్ల బేరగాడు ఒకరు. అడిగిన ప్రశ్న: ఏ మార్పులూ లేని 2014 డీజిల్ స్విఫ్ట్, లక్షా పాతికవేల కిలోమీటర్లు తిరిగినది, ఈ రోజు ఎంతకు పోతుంది? వచ్చిన జవాబులు 2 లక్షల 90 వేలు, 3 లక్షల 5 వేలు, 3 లక్షల 15 వేలు. మార్పుల సంగతి చెప్పగానే ముగ్గురూ ధర పెంచకపోగా తగ్గించారు.

ఇది యువకునికి మింగుడుపడలేదు. మెకానిక్ ఓపికగా చెప్పాడు. ఈ ధరకు కారు కొనేది ఎక్కువగా కుటుంబస్థులు. వెడల్పాటి టైర్లు మాచర్ల రోడ్డు గుంతలలో మడ్‌గార్డుకు రాసుకుంటాయి. డిక్కీలో స్పీకర్లుంటే బియ్యం బస్తా ఎక్కడ పెట్టాలి? ఇంజను ట్యూనింగ్ చేశారంటే గట్టిగా తోలారని, క్లచ్ అరిగి ఉంటుందని అనుమానం. రంగు స్టిక్కరు కింద ఏ సొట్టలున్నాయో తెలియదు. కారు బీమాలో చాలాకాలంగా వాడుకలో ఉన్న తరుగుదల పట్టిక ప్రకారం చూసినా, మూడేళ్లు దాటి నాలుగేళ్ల లోపు ఉన్నదానికి 40 శాతం తగ్గుతుంది. కంపెనీ ఇవ్వని అదనపు సామానుకూ అదే వర్తిస్తుంది. ఆ లెక్కన అతని లక్షా 85 వేల సొగసులు కాగితం మీదనే లక్షా 11 వేలు. సంతలో అదీ రాదు. రంగు స్టిక్కరును, ట్యూనింగును విప్పి ఎవరికి అమ్ముతాము?

చట్టం కూడా ధరను తగ్గించేదే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ నిర్దేశించిన ముఖ్య వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా నొక్కి చెప్పింది. అదే సంవత్సరపు సవరణతో అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలుశిక్ష విధించే వీలు కలిగింది. అద్దాలకు నల్ల ఫిల్మును సుప్రీంకోర్టు 2012లోనే నిషేధించింది. గ్యాస్ కిట్ పెట్టించినవారు దానిని ఆర్‌సీలో నమోదు చేయించి ఉండాలి. ఇవన్నీ కొనేవాని నెత్తిన పడే ఖర్చులు, చిక్కులు కనుక వాటిని ధరలో తగ్గించడమో, మనమే సరిచేసి ఇవ్వడమో న్యాయం.

మేము రెండో దారి పట్టాము. కంపెనీ చక్రాలు అదృష్టవశాత్తు మెకానిక్ షెడ్డు అటక మీదనే ఉన్నాయి. సైలెన్సర్ విజయవాడ ఆటోనగర్ నుండి పాతది తెచ్చి బిగించారు. నల్ల ఫిల్ము, రంగు స్టిక్కరు పీకేశారు. ఎడమవైపు తలుపు మీద రెండు గీతలు బయటపడ్డాయి. అల్లాయ్ చక్రాలు, మ్యూజిక్ సిస్టమ్ విడిగా అమ్మితే 32 వేలు వచ్చాయి. అవి కావాలనుకునే కుర్రవాళ్లకు వాటి విలువ తెలుసు. కారుతో కలిపి ఉంచితే రైతుకు వాటితో పనిలేదు. సొగసులు చేయించిన కారు అమ్మదలచినవారికి నేను చెప్పగలిగిన లౌకికమైన సలహా ఇదొక్కటే: విప్పగలిగినవి విప్పి వేరుగా అమ్మండి, విప్పలేనివాటికి ధర అడగకండి.

రైతుకు ఫోను చేయమన్నాను. నా ఎదుటనే చేశాడు. "అన్నా, మీటరు మార్చాను. బండి లక్షా 26 వేలు తిరిగింది. ముందే చెప్పవలసింది" అన్నాడు. అవతలివైపు కొంతసేపు నిశ్శబ్దం. తరువాత లైను తెగింది. ఆ రైతు మళ్లీ ఫోను చేయలేదు. యువకుని ముఖం చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను. 4 లక్షల 20 వేలు ఆ ఒక్క మాటతో పోయాయి.

ఆ సాయంత్రం అతనికి హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) గుర్రం సంగతి చెప్పాను. ఇమామ్ తబరానీ ఉల్లేఖనం ప్రకారం ఆయన కోసం సేవకుడు ఒక గుర్రాన్ని 300 దిర్హములకు బేరమాడాడు. జరీర్ (రజి) గుర్రాన్ని చూసి, ఇది అంతకంటే మేలైనదని అమ్మేవానితో చెప్పి, తానే ధర పెంచుకుంటూ పోయి 800 ఇచ్చారు. కొనేవాడే ధర పెంచడం! ప్రతి ముస్లిముకూ మేలు కోరతానని తాను దైవప్రవక్త (స)కు మాట ఇచ్చానన్నది ఆయన చెప్పిన కారణం. యువకుడు విని, "అటువంటి కొనేవాడు నాకు దొరికితే బాగుండు హజ్రత్" అన్నాడు. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

పందొమ్మిది రోజుల తరువాత పిడుగురాళ్ల నుండి సున్నం బట్టీలో గుమాస్తాగా పనిచేసే ఒకాయన వచ్చాడు. చెప్పిన ధర 3 లక్షల 15 వేలు, ముగ్గురి అంచనాలలో పైది. మార్చినవి, విప్పినవి, తలుపు మీది గీతలు, మీటరు సంగతి ఒక తెల్లకాగితం మీద రాసి ముందుగానే చేతికిచ్చాము. ఆయన దానిని రెండుసార్లు చదివాడు. తనతో తెచ్చుకున్న మెకానిక్‌కు చూపించాడు. 2 లక్షల 95 వేలకు తెగింది. ఫారం 29, ఫారం 30 అదే రోజున నింపారు. అమ్మినవాడు 14 రోజులలోగా రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. ఈ పని కొన్నవానికే వదిలేసి ఊరుకునేవారు చాలామంది. అమ్మేసినా ఆర్‌సీలో పేరు మారకపోతే ప్రమాద పరిహారం బాధ్యత పాత యజమాని మీదనే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

విడిగా వచ్చిన 32 వేలతో కలిపి చేతికి వచ్చినది 3 లక్షల 27 వేలు. మేనమామకు ఇంకా 73 వేలు బాకీ. నెలకు 5 వేల చొప్పున తీరుస్తున్నాడు. మేనమామ మొదట్లో కోపగించుకున్నాడని, నికాహ్ ఖర్చులో ఒక పూట విందు తగ్గించుకున్నాడని విన్నాను. అది మరో రకంగా మంచిదే, కాని ఆ విషయం ఇప్పుడు వద్దు.

మొన్న పిడుగురాళ్లలో ఒక జనాజాకు వెళ్లినపుడు ఆ గుమాస్తా కనిపించి, రైల్వే స్టేషను వరకు కారులో దింపాడు. మీటరు కింద చిన్న కాగితం అంటించి ఉంది. నీలం సిరాతో 'దీనికి 88,000 కలపాలి' అని రాసి ఉంది. చేతిరాత మా మద్రసాలో చదువుకున్నవానిదే.